ఈస్టర్‌కి మన క్వయర్ కోసం పాట కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వారమంతా ఎవరి పనుల్లో వాళ్ళుండి, ఒక్క సాయంత్రం గంటన్నర సేపు కూడి పాడే క్వయర్లకు పాటలు కట్టేవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలివి. వీటిలో కొన్ని ఒకప్పుడు నేనే ఇతరుల వెంటపడి అడిగినవి. సంగీతం చదువుకున్న గాయకులు ఇరవైమంది మీకు ఉంటే ఇందులో సగం మీకు అక్కర్లేదు.

ఈస్టర్ పాట పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

ముందు తేదీ చూసుకోండి. ఈస్టర్ క్రిస్మస్‌లా ఒకే తేదీకి కట్టుబడి ఉండదు. చర్చి లెక్క ప్రకారం మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. అందుకని పాశ్చాత్య సంఘాల్లో అది మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎక్కడైనా పడుతుంది. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. ఆర్థడాక్స్ సంఘాల లెక్క వేరు.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. భస్మ బుధవారం ఈస్టర్‌కి 46 రోజుల ముందు వస్తుంది. మధ్యలోని ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై దినాలు, అదే లెంట్ కాలం. 2027లో అది ఫిబ్రవరి 10. ఆ రోజుకి పాట కాగితం క్వయర్ చేతిలో ఉండాలన్నది నా నియమం. అక్కడి నుంచి వారానికొకటి చొప్పున ఆరో ఏడో ప్రాక్టీసులు దొరుకుతాయి. ఒకటి జలుబులకు పోతుంది, ఒకటి ఎవరింట్లోనో పెళ్ళికి పోతుంది, చివరిది వాయిద్యాలతో సరిచూసుకోవడానికి సరిపోతుంది. నికరంగా మిగిలేవి నాలుగు. నాలుగు సాయంత్రాల్లో నేర్చుకోగలిగినదే రాయాలి. ఈ పేజీలో మిగతాదంతా ఆ నాలుగు సాయంత్రాల చుట్టూ తిరిగేదే.

స్వరకర్త హ్యాండెల్ తన పెద్ద క్వయర్ కృతి 'మెసయ్య' మొత్తాన్ని 1741లో 24 రోజుల్లో రాశాడని నాకు చాలామంది గుర్తుచేస్తుంటారు. నిజమే. ఆయన రాసింది చేయి తిరిగిన గాయకులకు. రాయడానికి పట్టే కాలం కంటే నేర్చుకోవడానికి పట్టే కాలమే మనకు లెక్క.

నాకు సంగీత శాస్త్రం పెద్దగా రాదు. అయినా రాయవచ్చా?

రాయవచ్చు. మీ క్వయర్‌లో ఎవరి గొంతు ఎక్కడ బాగుంటుందో, ఎవరు ఎవరి పక్కన నిలబడితే శ్రుతి నిలుస్తుందో మీకు తెలిసినంతగా బయటి విద్వాంసుడెవరికీ తెలియదు. కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) నాలుగైదు వస్తే చాలు, మిగతాది ఒక పాట తప్పు రాశాక, రెండోది సరిదిద్దుకుంటూ తెలుస్తుంది.

ఈస్టర్ పాటకు మాటలు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

సువార్తల నుంచే తీసుకోండి. అయితే నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మత్తయి 28లో భూకంపం, దూత రాయిని పొర్లించడం ఉన్నాయి. మార్కు 16లో స్త్రీలు వణుకుతూ పారిపోతారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పరు. లూకా 24లో ఎమ్మాయు దారిలో ఇద్దరు ఆయనతోనే నడుస్తూ ఆయనని గుర్తుపట్టరు. యోహాను 20లో మరియ ఆయన్ని తోటమాలి అనుకుంటుంది, పేరు పెట్టి పిలిచాక గాని తెలుసుకోదు. నాలుగు కథనాల్లోనూ పొద్దున్నే ఎవరూ బాకాలు ఊదరు. భయం, అయోమయం, పరుగు, ఆ తర్వాతే సంతోషం. మొదటి గీత నుంచే గొంతెత్తి జయజయధ్వానాలు మొదలుపెట్టే ఈస్టర్ పాటలు విన్నప్పుడల్లా, వీళ్ళు సమాధి దగ్గరికి వెళ్ళకుండానే వచ్చేశారేమో అనిపిస్తుంది నాకు.

"ఆయన ఇక్కడ లేడు" అన్న మూడు మాటలు చూడండి. ఏ ఇంట్లోనైనా ఆ మాట దుఃఖవార్త. ఈ ఒక్కచోట అది శుభవార్త. దాన్ని మెల్లగా, సంగీతం దాదాపు ఆగిపోయినచోట, ఒకటే గొంతుతో పలికించి చూడండి. తర్వాత వచ్చే "లేచెను"కి వేరే హంగు అక్కర్లేదు.

హక్కుల మాట. బైబిల్ మూలం పాతదే అయినా అనువాదం మీద విడిగా హక్కులుంటాయి. కొత్త అనువాదం వాడితే ప్రచురణకర్తను అడగండి. కవితలైతే బెర్న్ అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందం ప్రకారం కవి చనిపోయాక కనీసం 50 ఏళ్ళ వరకు రక్షణ ఉంటుంది, చాలా దేశాల్లో అది 70 ఏళ్ళు. అన్నిటికంటే సులువైన దారి, మీ క్వయర్‌లో పద్యమో గేయమో రాసే చేయి ఉన్నవాళ్ళని పట్టుకోవడం.

మాటలు ముందా, బాణీ ముందా?

మాటలు ముందు. తెలుగులో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మన మాటకు హ్రస్వదీర్ఘాలే ప్రాణం. స్వరం పొడుగ్గా పెట్టామా, హ్రస్వం దీర్ఘమైపోతుంది, అర్థం కాళ్ళు జారుతుంది.

"లేచెను" తీసుకోండి. గురువు, లఘువు, లఘువు. నేను కట్టిన మొదటి ఈస్టర్ పాటలో బాణీ బాగుందన్న మురిపెంతో "చె" మీద రెండు మాత్రల స్వరం పెట్టాను. క్వయర్ పాడింది, "లే-చే-ను". ఆయన లేచాడనడానికి బదులు ముప్ఫైమంది కలిసి "నేను లేచేను" అని చాటినట్టయింది. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, "బాబూ, అందరూ బాగానే లేచారు గానీ ప్రభువు ఎప్పుడు లేస్తాడు?" అన్నారు.

అందుకే మాటలు చేతికి రాగానే బాణీ ఊహించకుండా బిగ్గరగా చదవండి, గురులఘువులు గుర్తించుకోండి. "మరణము" నాలుగూ లఘువులే. "ర"ను సాగదీస్తే అది "మరాణము" అవుతుంది. "సమాధి"లో నడుమ గురువు, రెండు వైపులా లఘువులు. "మా"ను తాళపు దెబ్బ మీద పెట్టి కాస్త నిలపండి. "పునరుత్థానము"లో "రు" రాతలో హ్రస్వమే అయినా, వెనక "త్థా" ఉంది కాబట్టి గురువు. అక్కడ తొందరపెడితే క్వయర్‌లో సగంమంది ఒత్తు మింగేస్తారు.

ఒక సరదా సంగతి. "యేసు" మూడు మాత్రలు, "లేచెను" నాలుగు. కలిపితే ఏడు, అంటే మాటే మిశ్రచాపులో నడుస్తోంది. ఏడు మాత్రల లెక్క మీవాళ్ళకు ఒంటపడితే అలాగే వదిలేయండి, అంత సహజమైన నడక మళ్ళీ దొరకదు. తడబడతారనిపిస్తే "యే"ను ఒక మాత్ర ఎక్కువ నిలిపి నాలుగూ నాలుగూ చేసేయండి. గురువును ఇంకాస్త సాగదీస్తే నష్టం లేదు, చిక్కంతా లఘువును సాగదీసినప్పుడే.

పాదం చివరి అక్షరానికి మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ "లేచెనూ" అని సాగినా చెవి ఒప్పుకుంటుంది.

పాదం చివర ఎప్పుడూ "ము", "ను", "డు" వస్తున్నాయి. పై స్వరంలో నిలిపితే గొంతు మూసుకుపోయినట్టుంది. ఏం చేయాలి?

తెలుగు అజంత భాష కావడం మనకు పెద్ద వరం. ఇరవైమంది ఒక హల్లును ఒకేసారి ముగించడానికి పడే పాట్లు మనకు లేవు. ఆ వరంతో వచ్చిన చిన్న ఇబ్బంది ఈ "ఉ". నోరు సున్నాలా ముడుచుకుంటుంది, పై స్వరాల్లో సొప్రానోలకు (ఆడవాళ్ళలో పై గొంతు వాళ్ళకు) ఊపిరి బిగుస్తుంది.

రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, పొడుగు స్వరాన్ని చివరి అక్షరం మీద కాకుండా అంతకు ముందున్న గురువు మీద పెట్టడం. "జీవము"లో "జీ"ని నాలుగు మాత్రలు నిలిపి, "వము"ను చిన్నగా దించేయండి. రెండోది, పాట పతాకస్థాయికి చేరే పాదాన్ని "ఆ"తో ముగిసే మాటతో ముగించడం. "రాజా", "దేవా", "హల్లెలూయా". పై ఇ (E) స్వరం మీద "రా" పాడమంటే మామూలు సొప్రానో కూడా ధైర్యంగా పాడుతుంది. "ము" పాడమంటే పక్కావిడ వైపు చూస్తుంది.

ఏ గొంతు ఎంతవరకు వెళ్తుంది?

పుస్తకాల్లో ఉండే హద్దులు శిక్షణ పొందినవాళ్ళవి. ఔత్సాహికులకు నేను రాసుకునే హద్దులు ఇవి. మిడిల్ సిని (కీబోర్డు నడుమ ఉండే సి) సి4 అంటున్నాను, అంకె పెరిగితే స్వరం ఒక స్థాయి పైది.

సొప్రానో: సి4 నుంచి ఇ5. ఎఫ్5 పాటంతటికీ ఒకటి రెండు సార్లు, అదీ మెట్టుమెట్టుగా ఎక్కేటప్పుడు.
ఆల్టో (ఆడవాళ్ళలో కింది గొంతు): ఎ3 నుంచి సి5.
టెనర్ (మగవాళ్ళలో పై గొంతు): డి3 నుంచి ఇ4.
బేస్ (మగవాళ్ళలో కింది గొంతు): ఎ2 నుంచి సి4.

ఈ హద్దుల కంటే ముఖ్యమైనది, పాటలో ఎక్కువసేపు గొంతు ఎక్కడ ఉంటుందన్నది. సొప్రానో ఒక్క ఇ5ని అందుకోవడం వేరు, రెండు పేజీలు సి5కీ డి5కీ మధ్యనే తిరుగుతూ ఉండటం వేరు. రెండో పేజీ చివరికి మెడ నరాలు తేలతాయి. పైకి ఎక్కించాక ఒక పాదమైనా కిందికి దించి సేదతీరనివ్వండి.

రాయడానికి ముందు ఒక ప్రాక్టీసులో పదినిమిషాలు తీసుకుని, వరసలవారీగా ఒక చిన్న పలుకును అర మెట్టు చొప్పున పెంచుతూ, తగ్గిస్తూ పాడించండి. ఒక్కొక్కరినీ నిలబెట్టి పరీక్ష పెట్టవద్దు. అలా పెట్టిన మరుసటి వారం ఇద్దరు తగ్గుతారు.

మాకు టెనర్ ఒక్కరే ఉన్నారు. నాలుగు భాగాలు రాయవచ్చా?

వద్దు. ఆ ఒక్కరికీ జ్వరం వస్తే పాట పోతుంది. ఆయన ఒక్కరే అని తెలిసి ఆయన మీద పడే భారం ఇంకో సంగతి.

సొప్రానో, ఆల్టో, మగవాళ్ళు అని మూడు భాగాలు చేయండి. మగవాళ్ళ భాగాన్ని డి3కీ సి4కీ మధ్య ఉంచితే టెనర్లూ బేస్‌లూ ఇద్దరూ సుఖంగా పాడతారు. ఇంకా చిన్న క్వయర్ అయితే ఆడవాళ్ళు, మగవాళ్ళు అని రెండే భాగాలు. రెండు భాగాలంటే చిన్నతనం అనుకోవద్దు. నిండుగా, నమ్మకంగా పాడిన రెండు గొంతులు, బిక్కుబిక్కుమంటూ పాడిన నాలుగు భాగాల కంటే చర్చిని బాగా నింపుతాయి.

నేను అన్నిటికంటే ఎక్కువగా వాడేది ఇది: మొదటి చరణం అందరూ ఏకంగా. రెండో చరణం ఆడవాళ్ళు, అదే బాణీ. మూడోది మగవాళ్ళు పాడుతుంటే ఆడవాళ్ళు హమ్మింగ్. చివరి చరణానికి మాత్రమే హార్మొనీ, అంటే ఒక్కో వరస వేరే స్వరం పాడటం. వినేవాళ్ళకు పాట విచ్చుకుంటూ పోయినట్టుంటుంది. మీరు కొత్తగా నేర్పవలసింది పాటలో పావువంతే.

వెంటాడే పాట మరో ఉపాయం. ఒక గుంపు మొదలుపెట్టిన బాణీనే రెండో గుంపు నాలుగు మాత్రలు ఆగి అందుకోవడం. అందరూ నేర్చుకునేది ఒకటే బాణీ, వినిపించేది హార్మొనీ. స్త్రీలు పరుగెత్తి వచ్చి శిష్యులకు చెప్పడం, శిష్యులు పరుగెత్తి సమాధి దగ్గరికి వెళ్ళడం వంటి ఘట్టానికి ఇంతకంటే సరిపోయేది లేదు, ఒకరి వెనక ఒకరు పరుగెడుతున్నట్టే ఉంటుంది.

హార్మొనీ భాగం ఎలా రాస్తే త్వరగా వస్తుంది?

ఆల్టోల భాగాన్ని విడిగా మీరే పాడి చూడండి. అది ఒక చిన్న పాటలా అనిపిస్తే వాళ్ళకు వస్తుంది. ఒక మెట్టు ఎక్కి, నాలుగు మెట్లు దూకి, మళ్ళీ అక్కడికే వచ్చే భాగం కాగితం మీద ఎంత శాస్త్రీయంగా ఉన్నా రాదు. కార్డు మారినప్పుడు ఉమ్మడి స్వరం ఉంటే అక్కడే ఉండనివ్వండి, లేకపోతే పక్క మెట్టుకి జరపండి. ప్రతి వరస మొదటి స్వరం అంతకు ముందే ఏ గొంతులోనో, కీబోర్డులోనో వినిపించి ఉండాలి. గాలిలోంచి స్వరం పట్టుకోమంటే ఔత్సాహికులు పట్టుకోలేరు.

సమాంతర పంచమాలు రాయకూడదన్న నియమం గురించి బెంగపెట్టుకున్నవాళ్ళు నాకు రాస్తుంటారు. ఆ నియమానికి కారణం, రెండు గొంతులు పంచమం (ఐదు స్వరాల) దూరంలోనే ఉండి కలిసి కదిలితే వాటి విడి అస్తిత్వం పోయి ఒకటే గొంతులా వినిపిస్తాయి. మీకు ఒకటే గొంతులా వినిపించాలనే ఉంటే, పాతకాలపు గంభీరత కావాలంటే, తెలిసే రాయండి.

బేస్ భాగంలో ఒకే స్వరాన్ని తంబూరలా ఎనిమిది మాత్రలు నిలిపి ఉంచి పైన మిగతావాళ్ళని కదపడం సమాధి ఘట్టానికి భలే కుదురుతుంది. బేస్‌లకు నేర్పే పనే లేదు. ఊపిరి మాత్రం ఒకరి తర్వాత ఒకరు తీసుకోమని చెప్పండి, అందరూ ఒకేసారి ఆపితే నేల కదిలినట్టవుతుంది.

ఒక పాదం ఎంత పొడుగు ఉండవచ్చు?

ఒక్క ఊపిరికి ఆరేడు సెకన్లు. నిమిషానికి 72 మాత్రల నడకలో ఎనిమిది మాత్రలంటే 6.7 సెకన్లు, సరిగ్గా సరిపోతుంది. నడక నెమ్మదిస్తే పాదాన్ని చిన్నది చేయండి. ఊపిరి ఎక్కడో కాగితం మీద గుర్తు పెట్టండి. పెట్టకపోతే "పునరు" అని ఊపిరి తీసుకుని "త్థానము" అంటారు.

ఏ స్కేలు, ఏ రాగం?

మేజర్‌లో సంతోషం, మైనర్‌లో దుఃఖం అన్న లెక్క మరీ మోటు. అయినా శుక్రవారం నుంచి ఆదివారానికి దాటే ఈ కథలో మైనర్ నుంచి మేజర్‌కి దాటడం ఎంత వాడినా అరగని ఉపాయం. దానికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. సమాధి ఘట్టం అంతా నటభైరవి స్వరాల్లో, అంటే మైనర్‌లో నడిపి, ఆఖరి కార్డులో సాధారణ గాంధారం ఉండవలసినచోట అంతర గాంధారం పెట్టండి. అర మెట్టు, ఒక్క స్వరం, అదీ ఒక్క ఆల్టో వరసలో. తెర తీసినట్టుంటుంది. పాశ్చాత్య సంగీతకారులు శతాబ్దాలుగా మైనర్ పాటలను ఇలా ముగిస్తున్నారు.

రాగంలో కట్టాలనుకుంటే శంకరాభరణం మేజర్ స్కేలే కాబట్టి కార్డులు ఇట్టే అమరుతాయి. మోహనంలో మధ్యమం, నిషాదం లేవు. బాణీ వరకు మోహనంలో ఉంచి, కార్డుల్లో ఆ రెండూ తగిలించవచ్చా అంటే తగిలించవచ్చు, కాని రాగం తెలిసినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు. నేనైతే మోహనాన్ని ఏకంగా, తంబూర వంటి ఆధార స్వరంతోనే పాడిస్తాను. గమకాలు ఎక్కువగా ఉండే రాగాలను క్వయర్‌కి పెట్టవద్దు. ఒక్కరు వేస్తే గమకం, ముప్ఫైమంది వేస్తే వణుకు.

"హల్లెలూయ" ఎన్నిసార్లు పెట్టవచ్చు?

మీరు అనుకున్న లెక్కలో సగం.

"యాహ్‌ను స్తుతించుడి" అన్న హీబ్రూ మాట అది. ఆరాధన క్రమం పాటించే చాలా సంఘాలు లెంట్ దినాలన్నీ ఆ మాటను పాడకుండా దాచి, ఈస్టర్ రాత్రి మళ్ళీ బయటికి తీస్తాయి. మీ పాటలోనూ అలాగే చేసి చూడండి. మూడు చరణాల వరకు ఆ మాట రానే రాకూడదు, వచ్చినప్పుడు అందరి నోటా రావాలి. మాటలు దొరకనిచోట ఖాళీ పూడ్చడానికి వాడితే అది ఎనిమిదోసారికి "లలల" అయిపోతుంది.

ముగింపు గట్టిగా ఉండాలా?

అందరూ అలాగే రాస్తారు, ప్రేక్షకులు అదే ఆశిస్తారు కూడా. హ్యాండెల్ హల్లెలూయ కోరస్‌ను 'మెసయ్య' చివర పెట్టలేదు, మూడు భాగాల్లో రెండోదాని చివర పెట్టాడు. అది అయ్యాక మూడో భాగం ఒక్క సొప్రానో గొంతుతో నెమ్మదిగా మొదలవుతుంది. ఆ వరస నాకు నచ్చుతుంది. ఉప్పెన వచ్చి వెళ్ళాక ఒక్క మనిషి నిలబడి "నాకు తెలుసు" అన్నట్టు.

మీ పాట మూడు నాలుగు నిమిషాలదే అయినా, పతాకస్థాయి ఒక్కటే ఉండాలి. అది పాటలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి. దానికి ముందు రెండు పాదాలు తగ్గించి పాడించండి. ఔత్సాహికులకు గట్టిగా పాడటం కంటే మెల్లగా పాడటం కష్టం, శ్రుతి జారుతుంది, ఊపిరి చాలదు. కాబట్టి మెల్లగా పాడవలసిన చోట్లను గొంతు మధ్యలో, సుఖంగా ఉండే స్వరాల్లో రాయండి.

తెల్లవారుజాము ఆరాధనలో పాడాలి. గొంతులు లేవడం లేదు.

లేవవు మరి. రాత్రంతా వాడని గొంతు పొద్దున్నే బరువుగా ఉంటుంది, పై స్వరాలు రావు, కింది స్వరాలు మామూలు కంటే బాగా వస్తాయి. సాయంత్రం ప్రాక్టీసులో డి స్కేలులో కుదిరిన పాటను తెల్లవారుజామున సిలో పాడించండి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట ఉంటే పని క్షణం. ఆరాధనకు అరగంట ముందే రప్పించి, నీళ్ళు తాగించి, హమ్మింగ్‌తో మొదలుపెట్టి నెమ్మదిగా గొంతు విప్పించండి. మొదటి పాటగా మీ కొత్త పాట మాత్రం పెట్టకండి.

పిల్లల్ని కూడా కలపమంటున్నారు.

కలపండి. పిల్లల గొంతు డి4కీ డి5కీ మధ్య హాయిగా ఉంటుంది. చిన్నపిల్లలు కదా అని కిందికి దించి రాస్తే వాళ్ళు పాడరు, అరుస్తారు. పెద్దవాళ్ళ హార్మొనీలో ఇరికించకుండా, వాళ్ళకంటూ మళ్ళీ మళ్ళీ వచ్చే ఒకే పాదం ఇవ్వండి. గొంతు మారుతున్న మగపిల్లలు ఉంటే వాళ్ళను ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ నిలబడనివ్వండి, వారానికోసారి వరస మారినా సరే.

వాయిద్యాలు?

క్వయర్ గొంతుకు పైన వాయిద్యం ఉంటే మాట వినిపించదు. డ్రమ్స్ ఉంటే ఆఖరి చరణానికి దాచుకోండి. హార్మోనియం శ్రుతి అప్పటికప్పుడు మార్చలేం, కాబట్టి మిగతావన్నీ దానికే సరిచూసుకోవాలి. కీబోర్డులు మామూలుగా ఎ4 440 హెర్ట్జ్‌కి కట్టి ఉంటాయి. ట్రంపెట్ వాయించేవాళ్ళు దొరికితే అదృష్టమే. ఒక్క సంగతి మరచిపోవద్దు: బి ఫ్లాట్ ట్రంపెట్‌కి రాసిన స్వరం కంటే ఒక పూర్తి మెట్టు కిందికి పలుకుతుంది. క్వయర్ సిలో ఉంటే ట్రంపెట్ కాగితం డిలో ఉండాలి. ఇది పండుగ ఉదయం తెలుసుకున్నవాళ్ళను ఎరుగుదును, అందులో నేనూ ఒకణ్ణి.

మావాళ్ళకు స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే స్వరలిపి) రాదు.

సోల్ఫాలో ఇవ్వండి. డో రే మీ మన సరిగమలాగే కదిలే ఆధారం మీద నడిచేవి, స ఎక్కడ పెడితే అక్కడి నుంచి లెక్క. స్వరలిపి ఏదీ రాకపోతే మాటల కాగితం మీద గొంతు ఎక్కేచోట పైకి గీత, దిగేచోట కిందికి గీత పెట్టినా ఎంతో నయం.

ఇంకో మంచి పని, ఒక్కో భాగాన్ని విడిగా ఫోనులో రికార్డు చేసి పంపడం. మ్యూజ్‌స్కోర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాట రాసుకుంటే ఒక్కో భాగాన్ని విడిగా వాయించి వినిపిస్తుంది. అయితే ఆల్టోలకు పంపే రికార్డులో మనిషి గొంతే ఉండాలన్నది నా అనుభవం. యంత్రం పాడింది విని నేర్చుకున్నవాళ్ళు యంత్రంలాగే పాడతారు, మాట విరుపు రాదు. వెనకాల మిక్సీ చప్పుడు వినిపించినా పరవాలేదు, పాడి పంపండి.

నాలుగు ప్రాక్టీసుల్లో ఏది ముందు నేర్పాలి?

చివరి పేజీ. ఎప్పుడూ మొదటి పేజీ నుంచి మొదలుపెడితే దాన్ని పదిసార్లు, ఆఖరి పేజీని రెండుసార్లు పాడి ఉంటారు. వెనక నుంచి నేర్పితే పాట ముందుకు సాగేకొద్దీ తెలిసిన చోటికి చేరుతున్నట్టు ఉంటుంది. మూడో ప్రాక్టీసుకి కూడా రాని పాదం ఉంటే తప్పు వాళ్ళది కాదు, మీ రాతది. పెన్ను తీసి అక్కడికక్కడే మార్చండి.

కీబోర్డు ఆపేసి పాడితే చివరికి అర మెట్టు కిందికి దిగిపోతున్నాం.

అందరూ దిగుతారు. ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ వచ్చేచోట, మెట్లు దిగేచోట, అలసిన ఊపిరితో పాడేచోట జారుతుంది. దిగేటప్పుడు మెట్లు చిన్నవని, ఎక్కేటప్పుడు పెద్దవని ఊహించుకోమని చెప్పండి. మేజర్ కార్డులో గాంధారం పట్టుకున్నవాళ్ళని కాస్త ఎత్తుగా ఆలోచించమనండి, జారుడు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. అయినా జారుతుంటే స్కేలును అర మెట్టు పైకో కిందికో మార్చి చూడండి. కారణం చెప్పలేను గానీ ఎఫ్‌లో జారే పాట ఎఫ్ షార్ప్‌లో నిలబడటం ఎన్నోసార్లు చూశాను. అన్నిటికంటే ముఖ్యం, వాయిద్యం లేని పాదం అయ్యాక కీబోర్డు వెంటనే అదే కార్డుతో అందుకోకుండా జాగ్రత్తపడండి. ఎంత దిగారో అందరికీ తెలిసిపోయేది ఆ క్షణంలోనే. మధ్యలో రెండు మాత్రల మౌనం రాస్తే చెవి మరచిపోతుంది.

ఒకాయన శ్రుతి తప్పి, అందరికంటే గట్టిగా పాడతారు. ఏమనాలి?

ఏమీ అనకండి. ఆయన్ని ఇద్దరు గట్టి బేస్‌ల మధ్య నిలబెట్టండి. తన గొంతు కంటే పక్కవాళ్ళ గొంతు ఎక్కువ వినిపిస్తే చాలామందికి శ్రుతి దానంతటదే సర్దుకుంటుంది. అలా సర్దుకోకపోతే, పాట మొదట్లో సువార్త వాక్యం చదివే పని ఆయనకివ్వండి. గట్టి గొంతు అక్కడ పనికొస్తుంది.

సోలో ఎవరికి?

బాగా పాడేవాళ్ళకు కాదు, తప్పు జరిగినా ఆగకుండా పాడేవాళ్ళకు.

పాట అయిపోయాక కాగితాలు ఏం చేయాలి?

అందరి దగ్గరా వెనక్కి తీసుకోండి. ఇంటికి వెళ్ళి ఒక్కొక్కటీ తిప్పి చూడండి. ఎక్కడెక్కడ పెన్సిలుతో "ఊపిరి", "ఆగు", "పైకి!!" అని రాసుకున్నారో, ఎక్కడ స్వరం కొట్టేసి వేరేది పెట్టుకున్నారో గమనించండి. నలుగురు ఒకేచోట గుర్తు పెట్టుకుంటే అక్కడ మీ రాత సరిగా లేదు. ఆ వారంలోనే, ఇంకా చెవుల్లో వినిపిస్తుండగానే, ఆ చోట్లు దిద్ది కొత్త ప్రతి తీసి పెట్టుకోండి. వచ్చే ఏడాది మళ్ళీ అదే పాట పాడదామని మొదట అడిగేది ఆల్టోలే.